బండి ఎవరిది, ఎరుక ఎవరిది?

మొన్నటి దసరాకు ఏర్గట్లకు వెళ్ళాను. గోదావరి ఒడ్డున ఉన్న తడపాకలకు దగ్గరి ఊరు. 2016 అక్టోబరు దాకా మోర్తాడు మండలంలో ఒక గ్రామం. ఆ నెలలో కొత్త జిల్లాలు, మండలాలు ఏర్పడినప్పుడు తానే ఒక మండల కేంద్రమైంది. పసుపు, మక్క, ఎర్రజొన్న పండించే నేల. గల్ఫు దేశాలకు మనుషులను పంపిన నేల కూడా.

పండుగ పొద్దున బండ్లన్నీ కడిగి, బొట్లు పెట్టి, బంతిపూల దండలు వేసి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. మా మేనమామ ఇంటి ముందు వేపచెట్టు నీడలో మంచాలు వేసుకుని కూర్చున్నాక, ఆ దండలు వేసుకున్న కార్ల గురించే మాటలు మొదలయ్యాయి. ఒకరి బండికి ఎత్తు ఎక్కేటప్పుడు ఏసీ ఆపాలట. మరొకరి బండి లీటరుకు ఇరవై రెండు ఇస్తుందట. ఆ లెక్క విని పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఇంకొకరి బండిలో వెనుక తలుపు లోపలినుంచి తీస్తే రాదు, అద్దం దించి చెయ్యి బయటపెట్టి తియ్యాలట. ఆయన దాన్ని లోపంగా చెప్పలేదు, తన బిడ్డ అల్లరి గురించి చెప్పినంత మురిపెంగా చెప్పాడు.

మంచం చివర ఒక పెద్దాయన ఏమీ అనకుండా వింటున్నాడు. వరుసకు అందరికీ కాక అవుతాడు. ఒక పిల్లవాడు అడిగాడు: "కాకా, నువ్వు ఇరవై ఏండ్లు సౌదిల బండి నడిపినవు గదా. నీ బండి ఎట్లుండె?"

"బండి మంచిగనే ఉండె బిడ్డా. నాదే కాకపాయె."

అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. మాట వేరే దారి పట్టింది. నాకు మాత్రం ఆ జవాబు దగ్గరే ఆలోచన ఆగిపోయింది. మన ప్రాంతంలో కారు చరిత్రను ఏ మోడలు ఎప్పుడు వచ్చింది, ఎవరు ముందు కొన్నారు అని చెప్పుకోవడం అలవాటు. దాని కింద మరొక చరిత్ర ఉన్నది. బండి ఒకరిది, దాని ఎరుక మరొకరిది. ఆ రెండూ ఒకే మనిషి దగ్గరికి చేరడానికి మనకు చాలా కాలం పట్టింది. ఈ వ్యాసం ఆ కాలం గురించి.

*

కారుకు ముందు కచ్చురం ఉండేది. ఉన్నవాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళు పుట్టింటికి వెళ్ళడానికి, పెద్దలు పెండ్లిళ్ళకు వెళ్ళడానికి వాడిన గూడుబండి. యజమాని ఎద్దులను కొనేటప్పుడు సుడులు చూసేవాడు, పళ్ళు లెక్కబెట్టేవాడు. అంతవరకే ఆయన శాస్త్రం. ఎడమపక్క ఎద్దు నీళ్ళు చూస్తే బెదురుతుందని, కుడిపక్కది చీకట్లో దారి తప్పదని తెలిసినవాడు జీతగాడు. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందన్నారు పెద్దలు. ఆ సామెతలో గుర్రం ఉన్నది, రౌతు ఉన్నాడు, గుర్రం యజమాని ఊసే లేదు. వాహనం గుణం ఎక్కి నడిపేవాడికే తెలుస్తుందన్నది అంత పాత సంగతి.

మోటారు వచ్చాక ఈ దూరం పెరిగింది. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెసులో ఒక పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉన్నది. వెనుక సీటు సింహాసనంలా ఎత్తుగా కట్టించిన బండి. దాన్ని తెప్పించింది ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్. బండి చేరకముందే, 1911 ఆగస్టులో ఆయన కన్నుమూశాడు. తరువాత అది ఏడో నిజాం కాలంలో ఊరేగింపులకే బయటికి వచ్చేది. యజమాని కూర్చునే చోటు ఎంత ఎత్తున ఉంటే, ఇంజను అంత దూరం.

ఈ తీరు మన దగ్గరే పుట్టింది కాదు. డ్రైవరుకు వాడుకలో ఉన్న షోఫర్ అనే ఫ్రెంచి మాటకు అసలు అర్థం మంట రాజేసేవాడు అని. తొలినాళ్ళ బండ్లను నడిపేవాడే బాగుచేసేవాడు కూడా. యూరపులో దొరలు బండి కొని, దాన్ని తెలిసిన మనిషిని జీతానికి పెట్టుకున్నారు. ఈ కట్టును విప్పింది అమెరికాలో 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి. 1927లో తయారీ ఆగేనాటికి కోటిన్నర బండ్లు తయారయ్యాయి. కొన్నవాళ్ళలో రైతులు చాలామంది. వాళ్ళే నడిపారు, వాళ్ళే విప్పి బిగించారు. ఆ బండిలో పెట్రోలు పంపు లేదు, టాంకులోనుంచి తనంతట తానే కిందికి జారి ఇంజనుకు చేరాలి. నిలువెత్తు గుట్ట ఎక్కేటప్పుడు టాంకు కిందికి వాలి పెట్రోలు అందకపోతే, రైతు బండిని వెనక్కి తిప్పి రివర్సు గేరులో గుట్ట ఎక్కించేవాడు. బండి వంకరను తన తెలివితో సరిచేసుకున్న మొదటి యజమానులు వాళ్ళేనేమో. ఆ స్థితి ఏర్గట్ల రైతుకు రావడానికి ఇంకా డెబ్బై, ఎనభై ఏండ్లు పట్టింది.

*

మన జిల్లాకు యంత్రం అంటే ఏమిటో దగ్గరగా చూపించినవాటిలో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ఒకటి. 1931 నాటికి నిజాంసాగర్ పూర్తయింది. ఆ నీళ్ళతో చెరకు పెరిగింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ మొదలైంది. దాని చుట్టూ శక్కర్‌నగర్ అనే కాలనీ లేచింది. అంతకు కొద్దిగా ముందు, 1932లో, నిజాం రైల్వే సంస్థ 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించింది. బస్సులు, ఫ్యాక్టరీ లారీలు, అధికారుల కార్లు - వీటి చుట్టూ డ్రైవర్లు, ఫిట్టర్లు, మిస్త్రీలు తయారయ్యారు. వాళ్ళలో ఎక్కువమందికి బళ్ళో చదివిన చదువు లేదు. చప్పుడు విని రోగం చెప్పే విద్య ఉండేది.

స్వాతంత్ర్యం తరువాత మూడు దశాబ్దాలకు పైగా కుటుంబం కారు అంటే ప్రధానంగా మూడే పేర్లు. ఉత్తరపారలో హిందుస్థాన్ మోటార్స్ 1957 నుంచి తయారుచేసిన అంబాసిడర్, బొంబాయిలో ప్రీమియర్ వారు చేసిన ఫియట్, మద్రాసులో 1961 నుంచి వచ్చిన స్టాండర్డ్ హెరాల్డ్. 1970లలో దేశం మొత్తం మీద తయారైన కార్లు ఏటా యాభై వేలు దాటలేదు. లైసెన్సుల కాలం అది. కంపెనీ ఎన్ని బండ్లు చెయ్యాలో, ఒక దశలో ఎంతకు అమ్మాలో కూడా ప్రభుత్వమే చెప్పింది. డబ్బు కట్టి ఏండ్ల తరబడి ఎదురుచూడాలి. అమ్మేవాడికి పోటీ లేదు గనుక బండి మారనక్కరలేదు. కొన్నవాడే బండికి తగినట్టు మారాలి. నిజానికి మారినవాడు డ్రైవరు.

ఆ మూడు బండ్లకు ఎవరి తిక్క వారిది. అంబాసిడర్‌కు మొదటి గేరులో సింక్రోమెష్ లేదు. బండి పూర్తిగా ఆగకముందే ఆ గేరు వెయ్యబోతే పళ్ళు కొరికినట్టు చప్పుడయ్యేది. గేరు కర్ర చాలాకాలం స్టీరింగు పక్కనే ఉండేది. అందువల్ల ముందు సీటు బెంచీలా సాగి ముగ్గురిని, పల్లెల్లో నలుగురిని మోసింది. ఎదురుగా బండి వస్తే లైటు దించే మీట చేతికి కాక ఎడమకాలి కింద ఉండేది. బ్యాటరీ మొండికేస్తే ముందునుంచి ఇనుప హ్యాండిలు పెట్టి తిప్పాలి. తిప్పేటప్పుడు బొటనవేలును మిగతా వేళ్ళ వైపే ఉంచాలి, ఇంజను వెనక్కి కొడితే మణికట్టు విరుగుతుంది. హారను తప్ప అన్నీ మోగుతాయని దాని మీద ఒక హాస్యం దేశమంతా తిరిగింది. అయినా వెనుక కమాను కట్టలు, ఎత్తయిన పొట్ట, మనిషి తలపాగాతో కూర్చోగల పైకప్పు మన రోడ్లకు సరిపోయాయి.

ఫియట్ అంతకంటే చిన్నది, చురుకైనది. 1974 నుంచి అది ప్రీమియర్ పద్మిని అయినా, ఊళ్ళలో ఫియట్ అనే పిలిచారు. హెరాల్డ్‌కు బానెట్టు, ముందు మడ్‌గార్డులు కలిసి ఒకే డొప్పలా ముందుకు వాలేవి. మిస్త్రీ టైరు మీద కూర్చుని ఇంజనును బాగుచేసుకోవచ్చు. ఎద్దుబండి తిరగలేని సందులో కూడా అది తిరిగేదని చెప్పుకునేవారు.

వేసవిలో వీటన్నిటికీ వచ్చే జబ్బు ఒకటుండేది. వేడికి పంపులోనో గొట్టంలోనో పెట్రోలు ఆవిరైపోతుంది. ద్రవాన్ని లాగగల పంపు ఆవిరిని లాగలేదు. బండి నడిరోడ్డు మీద ఆగిపోతుంది. అప్పుడు డ్రైవరు దిగి, తన భుజం మీది తువ్వాలను నీళ్ళలో ముంచి పంపు మీద కప్పి, చెట్టు కింద బీడీ వెలిగించేవాడు. బీడీ అయిపోయేసరికి బండి కదిలేది. లోపల కూర్చున్న యజమానికి అదొక మంత్రంలా తోచేది.

ఇక్కడే అసలు సంగతి ఉన్నది. ఆ రోజుల్లో నలుగురు పెద్దమనుషులు కూర్చుని కార్ల గురించి మాట్లాడుకుంటే ఏం మాట్లాడుకునేవారు? ధర, రంగు, ఎన్నేళ్ళు ఎదురుచూశారు, ఏ కలెక్టరు ఎక్కాడు. చోక్ ఎంత లాగాలి, రేడియేటరుకు ఎప్పుడు నీళ్ళు పొయ్యాలి, చెరకు కాలంలో వెనుక దీపాలు లేని బండ్ల వెంట రాత్రిపూట ఎంత దూరంలో పోవాలి - ఈ మాటలు వాకిలి బయట, డ్రైవర్ల మధ్య జరిగేవి. పెండ్లి ఇంట్లో యజమానులకు పందిట్లో విస్తర్లు పడేవి. డ్రైవర్లు చివరి పంక్తి దాకా బండి దగ్గరే ఉండేవారు. బండి గురించి తెలిసిన సమస్తం ఆ చివరి పంక్తిలో కూర్చునేది.

*

1983 డిసెంబరు 14న ఢిల్లీలో ఇందిరాగాంధీ మొదటి మారుతి 800 తాళం చెవిని కొన్న వ్యక్తి చేతిలో పెట్టారు. ధర సుమారు యాభై వేల రూపాయలు. 796 సీసీ, మూడు సిలిండర్లు, ముందు చక్రాలకే శక్తి, పన్నెండంగుళాల చిన్న టైర్లు. పాతవాళ్ళు దాన్ని డబ్బా అన్నారు. బురదలో దిగబడితే నలుగురు మనుషులు ఎత్తి పక్కన పెట్టవచ్చన్నారు. అది వెక్కిరింతే, సుగుణమూ అదే.

ఆ బండి చేసిన పెద్ద మార్పు వేగంలోనో మైలేజీలోనో లేదు. దానికి డ్రైవరు అక్కరలేదు. తాళం తిప్పితే కదిలింది, గేరు తేలికగా పడింది, వారం వారం గ్రీజు అడగలేదు. మొదట జిల్లాలో వైద్యులు, మిల్లుల వాళ్ళు, కాంట్రాక్టర్లు కొన్నారు. వాళ్ళు పెద్ద బండ్లకు మారినకొద్దీ ఆ చిన్న బండ్లు రెండో చేతికి, మూడో చేతికి వచ్చి, 1990ల చివరికి పసుపు రైతు వాకిట్లో నిలబడ్డాయి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 1989లో అమలులోకి వచ్చాక మన జిల్లాకు ఏపీ 25 అనే గుర్తు వచ్చింది. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక టీఎస్ 16 అయింది. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ 16. ఇప్పటికీ మోర్తాడు రోడ్డు పక్కన నిలబడి నంబరు పలకలు చదివితే, ఏ బండి ఏ కాలంలో పుట్టిందో ఎద్దు పళ్ళు చూసినట్టే చెప్పవచ్చు.

మా బాపు అలాంటి ఒక పాత బండిని కొన్నాడు. ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం, తప్పు బండిది కాదు. ఒక ఎండాకాలం పెండ్లికి బోధన్ పోతుండగా సూది ఎర్రగీతను దాటింది. బయలుదేరే ముందు నీళ్ళు చూసుకోవాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు; జీవితమంతా వెనుక సీట్లో కూర్చున్న మనిషి. బండి ఆపి, ఉడికే రేడియేటరు మూతను ఉత్త చేత్తో విప్పాడు. అరచేయి కాలింది. ఆ మచ్చ చివరిదాకా ఉండిపోయింది. ఆ తరువాత ఆయన ప్రతి పొద్దున నూనె చూశాడు, నీళ్ళు చూశాడు, మిస్త్రీ పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుని ఒక్కొక్క భాగం పేరు నేర్చుకున్నాడు. ఆయన నోట "నా బండి" అన్న మాట అప్పుడే విన్నాను. అంతకు ముందు "మన కారు" అనేవాడు. ఈ రెండు మాటల మధ్య ఒక కాలిన చెయ్యి ఉన్నది.

*

అదే కాలంలో ఇదే నేలనుంచి మరో వరుస మనుషులు సముద్రం దాటారు. ఏ దేశమైనా మనవాళ్ళు దుబాయి అనే అంటారు. వెళ్ళింది మాత్రం సౌదీకి, కువైటుకు, ఖతరుకు, ఒమానుకు కూడా. కూలీలుగా వెళ్ళినవారు ఎక్కువ. లైసెన్సు ఉన్నవారు ఇంటి డ్రైవర్లయ్యారు. సౌదీలో 2018 జూన్ 24 దాకా ఆడవాళ్ళు బండి నడపడానికి వీలులేదు. ఉన్న ప్రతి ఇంటికీ, పిల్లలను బడికి, ఆడవాళ్ళను కొలువుకు, బజారుకు, చుట్టాల ఇళ్ళకు తీసుకుపోయే డ్రైవరు కావాలి. ఒక దేశపు నియమం ఏర్గట్ల వంటి ఊళ్ళకు జీతమైంది.

ఆ జీతానికి షరతులున్నాయి. కఫాలా పద్ధతిలో మనిషి వీసా కఫీలుతో ముడిపడి ఉంటుంది. 2005 నాటి సౌదీ కార్మిక చట్టం ఇంటి పనివారికి వర్తించలేదు. వారికి విడిగా నియమాలు వచ్చింది 2013లో. బండి ఎప్పుడు కావాలంటే అప్పుడు కదలాలి. వాకిట్లో చిన్న గది. కిటికీలోంచి కనిపించేది తాను కడిగే బండి. అక్కడి పెద్ద పెద్ద బండ్ల సుగుణాలూ వంకరలూ ఆయనకు పూర్తిగా తెలుసు. యాభై డిగ్రీల ఎండలో టైరుకు ఎంత గాలి ఉండాలో, ఇసుకగాలి తరువాత ఎయిర్ ఫిల్టరును ఎలా దులపాలో, ఆ ఇంటి చిన్నపిల్లకు ఏ మలుపు దగ్గర కడుపులో తిప్పుతుందో కూడా తెలుసు. కచ్చురం తోలిన జీతగాడి ఎరుకే ఇది, సముద్రం అవతలికి చేరింది. బండి ఇప్పుడూ మరొకరిదే.

ఇక్కడికి వచ్చాక వాళ్ళకు మరో చిక్కు. అక్కడ స్టీరింగు ఎడమపక్క, ఇక్కడ కుడిపక్క. ఇండికేటరు వెయ్యబోయి వైపరు వేసేవారు. ఎండపొద్దున వైపర్లు ఆడిస్తూ ఒక బండి మలుపు తిరిగితే, ఎవరో దుబాయినుంచి కొత్తగా దిగారని పిల్లలు నవ్వేవాళ్ళు. ఆ నవ్వులో నేనూ ఉన్నాను. ఇరవై ఏండ్లు చేతికి పట్టిన అలవాటును, సొంత బండి కోసం మళ్ళీ మొదటినుంచి మార్చుకుంటున్న మనిషి అతడని అప్పుడు తోచలేదు.

వచ్చిన డబ్బుతో పాత బండో కొత్త బండో కొన్నవాళ్ళలోనే, నా లెక్కన, ఈ చరిత్ర తొలిసారి నిండుగా కలిసింది. నిజాంకు బండి ఉన్నది, ఎరుక లేదు. డ్రైవరుకు ఎరుక ఉన్నది, బండి లేదు. మా బాపు బండిని ముందు కొని ఎరుకను తరువాత చెయ్యి కాల్చుకుని తెచ్చుకున్నాడు. గల్ఫునుంచి వచ్చినవాడు ఎరుకను ముందే సంపాదించి, బండిని చివర తెచ్చుకున్నాడు.

*

ఈ కలయిక ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేను. కార్బురేటరు పోయి, ఎంత పెట్రోలు చిమ్మాలో కంప్యూటరు లెక్కగట్టే పద్ధతి వచ్చి పాతికేండ్లయింది. 2017 ఏప్రిల్ నుంచి దేశమంతటా బీఎస్ 4, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 పొగ నియమాలు వచ్చాయి. వాటితోపాటు బండి నిండా సెన్సర్లు వచ్చాయి. బోర్డు మీద పసుపు దీపం వెలుగుతుంది; ఎందుకు వెలిగిందో యజమానికి తెలియదు, చెవితో రోగం చెప్పే మిస్త్రీకీ తెలియదు. తీగ తగిలించిన ఒక చిన్న పెట్టెకు తెలుస్తుంది. ఎరుక జీతగాడినుంచి డ్రైవరుకు, డ్రైవరునుంచి యజమానికి వచ్చి, ఇప్పుడు ఆ పెట్టెలోకి నడిచిపోతున్నది.

అందుకని పాతదే మేలని నేననను. ఆ పాత బండ్లలో గాలి సంచి లేదు, జారకుండా ఆపే బ్రేకు లేదు. గుద్దుకుంటే స్టీరింగు కడ్డీ నేరుగా ఛాతీ మీదికి వచ్చేది. బోధన్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతబడ్డప్పుడు పనిమంతుల చేతుల్లోని ఎరుక ఏమైందో చూసినవాళ్ళం. తెలిసినవాడికి తెలిసినదాని మీద హక్కు లేకపోతే ఆ తెలివి ఒక్క రోజులో చెల్లని నాణెమవుతుంది. నాకున్న దిగులు అది.

ఆ సాయంత్రం జమ్మి తెచ్చుకున్నాక కాక ఇంటికి వెళ్ళాను. పెద్దలకు జమ్మి ఆకు చేతిలో పెట్టి మొక్కడం మా ఆనవాయితీ. వాకిట్లో రంగు వెలిసిన పాత మారుతి, ఏపీ 25 నంబరుతో. ఆయన తాళం తిప్పలేదు. ముందు బానెట్టు ఎత్తి నూనె పుల్ల తీసి చూశాడు, నీళ్ళు చూశాడు, చుట్టూ తిరిగి నాలుగు టైర్లనూ కాలితో తట్టాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని గోదావరి దాకా తీసుకుపోయాడు. దారిలో ఒకచోట గుంత రాకముందే బండి నెమ్మదించింది.

"రెండో గేరుల కొంచెం గునుస్తది బిడ్డా," అన్నాడు. "నా బండికి గదొక్కటే అలవాటు."

చదువరులారా, మీ ఇంట్లో మొదటి బండి ఎవరి డబ్బుతో వచ్చిందో మీకు తెలిసే ఉంటుంది. అది ఎవరి చేతుల్లో నడిచిందో, పెండ్లిలో ఆయన ఏ పంక్తిలో భోంచేశాడో కూడా ఒకసారి ఇంట్లో పెద్దలను అడగండి.